‘కేఐఏ’ని తెలుగులో ఏమనాలి? ఇరాక్ యుద్ధ లాగుల నాలుగు గడులు

పదవేట:
2010 అక్టోబరు 22న రహస్య పత్రాలు ప్రచురించే వికీలీక్స్ బయటపెట్టిన ఇరాక్ యుద్ధ లాగుల్లో (అమెరికా సైన్యం ఘటనల వారీగా రాసుకున్న నివేదికల్లో) కొన్నిటిని తెలుగు చేస్తున్నాం. మొత్తం 3,91,832 నివేదికలు. 2004 జనవరి నుంచి 2009 డిసెంబరు దాకా, మధ్యలో 2004 మే, 2009 మార్చి లేవు. ప్రతి నివేదికలోనూ మనుషుల లెక్కకు నాలుగు గడులు: ఫ్రెండ్లీ (అమెరికా, దాని మిత్రదేశాల సంకీర్ణ దళాలు), హోస్ట్ నేషన్ (ఇరాక్ ప్రభుత్వ బలగాలు), సివిలియన్, ఎనిమీ. ఒక్కోదానికి కేఐఏ (కిల్డ్ ఇన్ యాక్షన్, పోయినవాళ్లు), డబ్ల్యూఐఏ (వూండెడ్ ఇన్ యాక్షన్, గాయపడ్డవాళ్లు). ప్రస్తుతానికి ‘హతులు’, ‘క్షతగాత్రులు’ అని పెట్టాం. నాలుగు గడులకూ ‘హతులు’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉందని మాలోనే గొడవ. సలహా చెప్పండి.

డెస్కు:
ఎబ్బెట్టుగా ఉండటానికి కారణం మన పత్రికల అలవాటు. మనవాడు పోతే ‘వీరమరణం’. అవతలివాడు పోతే ‘హతం’, ఇంకాస్త ఊపొస్తే ‘మట్టుబెట్టారు’. మధ్యలో ఉన్నవాళ్లు పోతే ‘దుర్మరణం’, ‘బలి’. పేర్లు, ఊళ్లు కొట్టేసి క్రియ ఒక్కటే ఉంచినా ఎవరు ఎటువైపో పాఠకుడు చెప్పేస్తాడు. లాగుల్లో ఆ తేడా లేదు, నలుగురికీ కేఐఏనే. కాబట్టి తెలుగులోనూ ఒకటే మాట ఉండాలి. అది ‘హతులు’ మాత్రం కాకూడదు, అది శత్రువు గడికి ఎప్పుడో రిజర్వు అయిపోయింది. ‘మృతులు’ అనండి.

సంధివిగ్రహం:
‘మృతులు’కే నా ఓటు కూడా. కానీ కేఐఏ అంటే ఉట్టి మృతి కాదు, ‘పోరులో చంపబడటం’. అమెరికా సైన్యం నిర్వచనంలో అక్కడికక్కడే పోయినవాళ్లు, వైద్య కేంద్రానికి చేరేలోపు పోయినవాళ్లు కేఐఏ. చేరాక పోతే డీఓడబ్ల్యూ, అంటే గాయాలతో మరణించినవాళ్లు. దానికి ఈ లాగుల్లో వేరే గడి లేదు. నివేదిక చాలాసార్లు ఘటన జరిగిన కాసేపటికే వైర్‌లెస్‌లో విన్నది విన్నట్టు ఎక్కించినది. పొట్టలో గుండు దిగినవాడు డబ్ల్యూఐఏ గడిలో పడతాడు. మూడో రోజు ఊళ్లో ఆసుపత్రిలో పోతే, ఆ సంగతి తెలిసి ఎవరైనా తిరిగొచ్చి దిద్దితేనే గడి మారుతుంది. అందుకని అధోజ్ఞాపికలో ‘నివేదిక రాసేనాటికి’ అని ఒక్క ముక్క చేర్చండి.

ఇక ‘సివిలియన్ కేఐఏ’ అనడమే విడ్డూరం. రోడ్డు దాటుతున్న మనిషి ఏ పోరులో ఉన్నాడని?

పనిలో పని, ‘క్షతగాత్రుడు’ బహువ్రీహి: క్షతమైన గాత్రం కలవాడు. ఇక్కడ గాత్రం అంటే ఒళ్లు, గొంతు కాదు. ‘గాయపడినవారు’ అంటే పోయేదేం లేదు, గడిలోనూ పడుతుంది.

పదవేట:
సరే, మార్చేస్తాం. ఇంకో చిక్కు. ‘ఎస్కలేషన్ ఆఫ్ ఫోర్స్’ అనే వర్గం, పొట్టిగా ఈఓఎఫ్. ‘బలప్రయోగ తీవ్రత పెంపు’ అని రాస్తే కరెంటు చార్జీల పెంపులా ఉంది.

డెస్కు:
అక్కడ జరిగేదేమిటో చూస్తే మాట దానంతటదే దొరుకుతుంది. తనిఖీ కేంద్రం వైపో కాన్వాయ్ వైపో వాహనం వస్తోంది. ముందు బోర్డు, చేతి సైగ. ఆగకపోతే లైటు లేదా ఫ్లేరు. తర్వాత హెచ్చరిక కాల్పులు. ఆపైన ఇంజిను మీద, టైర్ల మీద. చివరి మెట్టు డ్రైవరు. కాగితం మీద ఇన్ని మెట్లు. చీకట్లో బోర్డు కనపడదు, గాల్లోకి పేల్చింది తనమీదే అనుకుని డ్రైవరు ఇంకా తొక్కుతాడు, మెట్లన్నీ కొన్ని సెకన్లలో అయిపోతాయి. ‘అంచెలంచెల బలప్రయోగం’ అనండి.

సంధివిగ్రహం:
వర్గం పేరు కంటే దాని కింది వాక్యం కష్టం. లాగుల ధోరణి చూపడానికి నేను కట్టిన మాదిరి ఇది: ‘గస్తీ దళం ఈఓఎఫ్ జరిపింది. 1 ఎక్స్ సివ్ కేఐఏ.’ (ఎక్స్ ఇంటూ గుర్తు, అక్షరం కాదు. సివ్ అంటే సివిలియన్.) తెలుగు చేసేటప్పుడు చెయ్యి అలవాటుగా ‘కాల్పులు జరిగాయి, ఒకరు మృతి చెందారు’ అని రాసేస్తుంది. ఇంగ్లిషువాడికి కర్తను దాచాలంటే కర్మణి ప్రయోగం కావాలి. మనకు ‘జరుగు’ చాలు, వాన కురిసినట్టు కాల్పులు జరుగుతాయి. మూలంలో కనీసం ‘దళం జరిపింది’ అని ఉంది. ‘జరిపింది’ని ‘జరిగింది’ చేయకండి. ఒక్క అక్షరంతో తుపాకీ పట్టుకున్నవాడు మాయమైపోతాడు.

గడికుడి:
మీ పదాల జాబితాలో రెండు మూడు తప్పులు కనిపించాయి. ఐఈడీ (దొరికిన సామగ్రితో సొంతంగా తయారుచేసిన బాంబు) అన్నచోటల్లా ‘మందుపాతర’ పెట్టారు. పాతర అంటే ధాన్యం దాచే గొయ్యి, కాబట్టి నేలలో పూడ్చిన దానికే అది. వీబీఐఈడీ అంటే కారు లాంటి వాహనంలో పెట్టినది, దాన్ని ‘కారు బాంబు’ అంటే చాలు. ‘ఫ్రెండ్లీ’ని ఒకచోట ‘స్నేహపూర్వక మృతులు’ అన్నారు, ఘోరం. అది సంకీర్ణ దళాల గడి. ‘హోస్ట్ నేషన్’ అంటే ఇరాక్ ప్రభుత్వ బలగాలు. ‘ఆతిథ్య దేశం’ అనకండి. తిథి చెప్పకుండా వచ్చేవాడు అతిథి అన్నది ఇక్కడ మరీ అక్షరాలా సరిపోతుంది, పాఠకుడు నవ్వుతాడు. ‘ఇరాకీ బలగాలు’ చాలు. ‘పౌరులు’ కూడా ఇరుకే, ఇరాకీ పోలీసూ ఇరాక్ పౌరుడే కదా. ‘సామాన్య జనం’ మేలు.

మృతుల మొత్తాలు ఇస్తే నాలుగూ ఇవ్వండి: సామాన్య జనం 66,081, శత్రువులు 23,984, ఇరాకీ బలగాలు 15,196, సంకీర్ణ దళాలు 3,771. కూడితే 1,09,032. ‘ఇరాక్ యుద్ధంలో ఇంతమంది పోయారు’ అని శీర్షిక పెట్టకండి, ఇది లాగులకు ఎక్కినవాళ్ల లెక్క మాత్రమే. అంతకుముందు ఏ లెక్కలోనూ లేని సామాన్యుల మరణాలు వీటిలో సుమారు 15,000 ఉంటాయని, ఆ యుద్ధంలో పోయిన సామాన్యుల లెక్క కట్టే ఇరాక్ బాడీ కౌంట్ అనే సంస్థ అంచనా కట్టింది. అటు ఇరాక్ నగరం ఫల్లూజాలో 2004లో అమెరికా దళాలు చేసిన రెండు పెద్ద దాడుల్లో పోయిన జనం వీటిలో కనిపించరు.

‘శత్రువు’ గడినీ అనుమానించండి. 2007 జులై 12న బాగ్దాద్‌లో అమెరికా అపాచీ హెలికాప్టర్లు కాల్చిన ఘటనలో పోయినవాళ్లు 11 మంది అని సైన్యం ప్రకటన అంది: 9 మంది తిరుగుబాటుదారులు, ఇద్దరు పౌరులు. ఆ ఇద్దరూ రాయిటర్స్ వార్తాసంస్థ ఉద్యోగులు, అడగడానికి వెనక ఒక సంస్థ ఉంది. గాయపడ్డ మనిషిని ఎక్కించుకోవడానికి వచ్చిన వ్యాను మీదా కాల్చారని, అందులో ఇద్దరు పిల్లలు గాయపడ్డారని 2010 ఏప్రిల్‌లో వచ్చిన వీడియోతో అందరూ చూశారు.

పదవేట:
చివరిది. ఖైదీలను ఇరాకీ బలగాలు కొట్టిన నివేదికల కింద ‘సంకీర్ణ దళాల ప్రమేయం లేదు గనుక తదుపరి విచారణ అవసరం లేదు’ అన్న ధోరణి మాట. దీనికి ఆధారం 2004 నాటి ఫ్రాగో (ఫ్రాగ్మెంటరీ ఆర్డర్) 242 అనే ఉత్తర్వు. ఫ్రాగోని ‘ముక్క ఉత్తర్వు’ అనొచ్చా?

సంధివిగ్రహం:
వద్దు. ముందిచ్చిన పెద్ద ఉత్తర్వుకు మార్పులు చెప్పే చిన్న ఉత్తర్వు అది, ‘అనుబంధ ఉత్తర్వు 242’ అనండి. ఆ వాక్యాన్ని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచండి. తెలుగులో ‘అవసరం లేదు’ అనగానే ‘ఎవరికి?’ అన్న ప్రశ్న లేస్తుంది, చెయ్యి ‘మనకు’ అనో ‘సైన్యానికి’ అనో చేర్చబోతుంది. మూలంలో ఆ ‘కి’ లేదు. మీరూ చేర్చకండి.