మళ్లీ మొదటిసారి చదవాలనిపించే పుస్తకం మీకేది?

పెరంబూరు పాఠకురాలు

మా మేనకోడలు ఈమధ్యే డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ మొదలుపెట్టింది. పుట్టి పెరిగింది చెన్నైలో, బడిలో చదివింది తమిళం. మా వదిన పట్టుబట్టి తెలుగు చదవడం నేర్పింది కాబట్టి మెల్లగా, వరుస కింద వేలు పెట్టుకుని చదువుతుంది. నిన్న ఫోను చేసి, “అత్తా, ఈ ఇందిర ఎలాంటి మనిషి! నాకసలు నచ్చలేదు” అంది. నవ్వి ఊరుకున్నాను గానీ, లోపల కుళ్లుకున్నాను.

నేనూ సరిగ్గా అక్కడే మొదలయ్యాను మరి. ఇందిర తండ్రి కూతురి జీతం మీద పడి తింటుంటాడు. పై గదిలో అద్దెకున్న వైద్య విద్యార్థి ప్రకాశంతో ఇందిర చొరవగా మాట్లాడుతుంది, తనకు కావలసింది తీసుకుంటుంది, ఎవరికీ సంజాయిషీ చెప్పదు. పక్కనే నెమ్మదస్తురాలు కల్యాణి ఉండగా చదివేవాళ్ల మనసు ఇటెందుకు వస్తుంది? నాదీ రాలేదు. సగం దాటాక చూసుకుంటే ఇందిర పక్షాన నిలబడి ఉన్నాను. ఏ పేజీలో అటు దాటానో ఇప్పటికీ పట్టుకోలేకపోయాను. ఆ తర్వాత ఎప్పుడు తీసినా మొదటి వాక్యం నుంచే ఆమె తరఫున వకాల్తా పుచ్చుకుని చదువుతున్నాను. కథ మరిచిపోవచ్చు, ఈ అభిప్రాయం మాత్రం చెరగడం లేదు. ఇందిర మీద ఒక్కసారి మళ్లీ కోపం తెచ్చుకోవాలని ఉంది. (1957లో ‘తెలుగు స్వతంత్ర’లో వారం వారం చదివినవాళ్లు ఆమెను ఎంతకాలం తిట్టుకున్నారో! ఆ పత్రిక వెలువడిందీ మన మద్రాసు నుంచే.)

గొప్ప పుస్తకాల జాబితా వద్దు. మొదటిసారి దొరికి, మళ్లీ మీకు దొరకనిదేమిటో చెప్పండి.

వడపళని వాసి

నావి పుస్తకాలు కావండీ, చందమామ సీరియళ్లు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసినవి, చిత్రా గారు గీసిన బొమ్మలతో. మాంత్రికుడు చెయ్యి ఎత్తేసరికి ఆ నెలకు సరి. మళ్లీ నెల దాకా ఆగాలి. ఈలోగా నేనూ మా తమ్ముడూ మిగతా కథ చెరొక రకంగా అల్లుకుని, ఎవరిది నిజమవుతుందని జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లం. సంచిక వచ్చాక చూస్తే ఇద్దరిదీ కాదు! పత్రిక అచ్చయ్యేదేమో మా వడపళనిలోనే. అయినా ఏజెంటు తెచ్చేదాకా మాకు దిక్కు లేదు. ఇప్పుడు పాత సంచికలు కంప్యూటర్‌లో దొరుకుతున్నాయి, రాత్రి కూర్చుంటే తెల్లవారేసరికి సీరియల్ మొత్తం అయిపోతుంది. నాకు కథ అక్కర్లేదు, ఆ నెల కావాలి.

మల్లేశ్వరం నుంచి

‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం. మొక్కపాటి వారు 1924లో వేసిన పుస్తకం. మొగల్తూరు నుంచి బయలుదేరి, నిడదవోలులో రైలెక్కి మీ ఊరికే వస్తాడు కదా, అక్కడ టోపీ కొంటాడు. అది ఆడవాళ్ల టోపీ అని ఇప్పుడు లోకమంతటికీ తెలుసు. మొదటిసారి చదివినప్పుడు నాకు తెలియదు. పార్వతీశంతో పాటు నేనూ మంచి టోపీ దొరికిందనే సంబరపడ్డాను. ఇప్పుడు రెండు పేజీల ముందు నుంచే నవ్వు మొదలవుతుంది. ఇంట్లో చదివి వినిపించబోతే నా నవ్వే తప్ప వాళ్లకు కథ వినిపించదు.

అశోక్ నగర్

నేను ఒప్పుకోను. ‘అసమర్థుని జీవయాత్ర’ కాలేజీలో ఉండగా చదివాను. సీతారామారావు మీద విసుగు తప్ప మరేమీ కలగలేదు. పెళ్లీ, అప్పులూ, చుట్టాల మాటలూ నెత్తిన పడ్డాక మళ్లీ తీస్తే పేజీ తిప్పడానికి భయమేసింది. ఆ మొదటి పఠనం తిరిగి ఇస్తామన్నా నాకొద్దు. మీరంతా కోరుకుంటున్నది పుస్తకాన్ని కాదు, అప్పటి వయసును అని నా అనుమానం.

పెరంబూరు పాఠకురాలు

వయసు సంగతి వడపళని గారికి వర్తిస్తుందేమో గానీ నాకు కాదండీ. నేను ఇందిరను కలిసింది ముప్పై దాటాక, ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయంలో. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి అక్కడికి చేరాలని 1954 నుంచి చట్టం ఉంది. నాకు దొరికింది మాత్రం అట్ట ఊడి, దారంతో కట్టి ఉన్న ప్రతి. ఆ వయసు మీరే ఉంచుకోండి. మల్లేశ్వరం వారు చెప్పిన టోపీ లాంటిది ఒక్కటి ఇప్పించండి చాలు.

వడపళని గారూ, మీరిద్దరూ అల్లిన కథలు ఎక్కడైనా రాసి పెట్టుకున్నారా?

వడపళని వాసి

రాయలేదండీ. మా తమ్ముడు మాత్రం, దాసరి వారి కంటే తన కథే బాగుందని ఇప్పటికీ వాదిస్తాడు.