బస్సు దిగగానే ముందునుంచే పరిగెత్తుతున్నాడు, ఏం చెయ్యను?

తెనాలి_అమ్మ:
మావాడు రెండో తరగతి. స్కూలు బస్సులో వాడి మీద వారానికో ఫిర్యాదు. సీటెక్కి నిలబడతాడట, టిఫిన్ డబ్బా మూత కిటికీలోంచి కాలవలోకి విసిరాడట. అవి ఎలాగో సర్దుకోవచ్చు. నిన్న నా కళ్లతో చూసింది వేరు. బస్సు తలుపు ఎడమవైపు, మా ఇల్లేమో రోడ్డుకి కుడివైపు. మా అత్తగారు గేటు దగ్గర నిలబడి "రా నాన్నా" అన్నారో లేదో, వీడు దిగీ దిగకముందే బస్సు ముందునుంచి పరుగు. తిట్టాను, ఒకటి అంటించాను కూడా. ఇవాళ మళ్లీ అదే. స్కూల్లో చెప్పనా, డ్రైవర్‌కి చెప్పనా?

పసుపుబండి:
అమ్మా, పదకొండేళ్లుగా స్కూలు బస్సు తోలుతున్నాను. పిల్లాణ్ణి కొట్టకండి. ముందు మీ అత్తగారిని రోడ్డు దాటి తలుపు వైపుకి రమ్మనండి. నాయనమ్మ పిలిస్తే ఏ పిల్లాడు ఆగుతాడు చెప్పండి?

బంపర్‌ని ఆనుకుని నడిచే చిన్నపిల్లాడు మా సీట్లోంచి కనపడడు. ఒకసారి ఓ స్టాపులో నలుగురు దిగారు. నేను గేరు మీద చెయ్యి వేశాను. బస్సు ఒంటి మీద దబదబా చప్పుడు, "ఆపు, ఆపు" అని ఆయమ్మ కేక. దిగి చూస్తే నాలుగోవాడు ముందు చక్రం పక్కన వంగి, కంపాస్ బాక్సులోంచి పడిపోయిన రబ్బరు ఏరుకుంటున్నాడు. నాకేసి చూసి నవ్వాడు కూడా. ఆ పూట నాకు అన్నం దిగలేదు. అప్పట్నుంచి దిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టి, అందరూ రోడ్డు పక్కకి చేరాకే బండి కదిలిస్తాను.

అల్లరికి మందుంది. సీటెక్కేవాడికి లెక్క అప్పజెప్పండి. మా బస్సులో అలాంటివాడే ఎంతమంది ఎక్కారో, ఎంతమంది దిగారో చెప్తాడు. మొన్న నా లెక్కే తప్పన్నాడు, నిజంగానే తప్పు. కూర్చోవడం మాత్రం ఆయమ్మ పక్కనే. బ్యాగుకి వేలాడే తాళ్లుంటే కత్తిరించెయ్యండి, దిగేటప్పుడు తలుపు గడియకి చిక్కుకుంటాయి.

ఇద్దరు_పిల్లల_నాన్న:
బండిని కూడా చూసుకోండి. 2014లో మాసాయిపేటలో రైలు స్కూలు బస్సును గుద్దినప్పట్నుంచి నాకీ చాదస్తం పట్టుకుంది. మన దగ్గర స్కూలు బస్సుల ఫిట్‌నెస్ కాగితం, అంటే బండి తిరగడానికి తగినట్టు ఉందని రవాణాశాఖ ఇచ్చేది, దాని గడువు ఏటా మే 15తో అయిపోతుంది. బడి తెరిచేలోగా మళ్లీ చేయించారా అని అడగండి. డ్రైవర్‌కి పెద్ద బండ్ల మీద అయిదేళ్ల అనుభవం, బస్సులో ఒక సహాయకుడు, గంటకు 40 కిలోమీటర్లు దాటని వేగం: ఇవన్నీ 1997లో సుప్రీంకోర్టు ఢిల్లీ ట్రాఫిక్ కేసులోనే చెప్పింది.

పసుపుబండి:
అడగండి సార్, తప్పకుండా అడగండి. కానీ ఫిట్‌నెస్ కాగితం ఉన్న బస్సు ముందు కూడా పిల్లాడు కనపడడు.

తెనాలి_అమ్మ:
మా అత్తగారికి చెప్తే మొదట అలిగారు. "నా కొడుకు కోసమూ ఈ గేటు దగ్గరే నిలబడ్డాను" అన్నారు. ఇవాళ మాత్రం నాలుగుంపావుకే అవతలి కిళ్లీకొట్టు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మావాడు దిగి, అలవాటుకొద్దీ ముందుకి రెండడుగులేసి, గేటు దగ్గర ఎవరూ లేకపోయేసరికి ఆగిపోయాడు. ఆవిడ వెనకనుంచి చొక్కా పట్టుకున్నారు. బస్సు వెళ్లిపోయాక ఇద్దరూ దాటారు. లెక్క ఉద్యోగం సంగతి రేపు ఆయమ్మతో మాట్లాడతాను.