స్వస్థత రాకపోతే విశ్వాసం తక్కువైనట్టేనా?

ఒంగోలు చిన్నోడు:
అందరికీ వందనాలు. మా పిన్నికి కిడ్నీలు పాడై డయాలసిస్ నడుస్తోంది. మొన్న ఉపవాస ప్రార్థనకొచ్చిన సేవకుడొకరు (పాస్టర్) నుదుటికి నూనె రాసి, "ఒప్పుకోని పాపం ఏదో అడ్డుపడుతోందమ్మా, వెతుక్కో" అని వెళ్లిపోయారు. అప్పట్నుంచీ పిన్ని పెళ్లి కాకముందు సంగతులు కూడా తవ్వుకుని ఏడుస్తోంది. దేవుడు ప్రేమాస్వరూపి అని చిన్నప్పట్నుంచీ కంఠతా పట్టాం కదా. మరి ఈ మాట వాక్యానుసారమేనా?

యాకోబు_5:
తమ్ముడూ, సేవకుణ్ణి అప్పుడే తప్పుపట్టకు. ప్రభువు బల్లలో, అంటే సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారంలో, అయోగ్యంగా పాలుపొందినందుకే మీలో అనేకులు రోగులయ్యారని అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాశాడు (1 కొరింథీ 11:30). బేతెస్ద కోనేటి దగ్గర బాగుపడినవాడితో, ఇక పాపం చేయకు, ఇంతకంటే ఎక్కువ కీడు కలగొచ్చని యేసయ్యే అన్నాడు (యోహాను 5:14). ప్రేమించేవాణ్ణే ప్రభువు శిక్షిస్తాడని హెబ్రీ 12లో ఉంది. ప్రేమంటే బుజ్జగించడం ఒక్కటేనా?

బెరయవాడు:
బ్రదర్, ఆ కొరింథీ వచనానికి పైన 21వ వచనం కూడా చదవండి. ఉన్నవాళ్లు ముందే తినేసి, తాగి మత్తులో ఉంటే లేనివాళ్లు ఆకలితో కూర్చున్న సంఘమది. పౌలు గద్దించింది పేదల్ని అవమానించిన వాళ్లని. మంచం పట్టిన మనిషి దగ్గరికెళ్లి నీ పాపమేంటని ఆరా తీయడానికి ఆ వచనం చెల్లదు.

ఇక మీరు పేరు పెట్టుకున్న యాకోబు పత్రిక 5వ అధ్యాయం. రోగి చేయాల్సింది సంఘపు పెద్దల్ని పిలిపించుకోవడం. నూనె రాయడం, ప్రార్థన చేయడం పెద్దల పని. అక్కడ విశ్వాసంతో చేయాల్సిన ప్రార్థన వాళ్లదే. స్వస్థత రాలేదంటే ముందు ఎవరి విశ్వాసాన్ని తూకం వేయాలో మీరే చెప్పండి! రోగి పాపం చేసినవాడైతే క్షమాపణ దొరుకుతుందన్నాడే గానీ, చేసే ఉంటాడని యాకోబు తేల్చలేదు.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం వీడిదా కన్నవాళ్లదా అని శిష్యులు అడిగారు. ఇద్దరిదీ కాదన్నాడు ప్రభువు (యోహాను 9). సిలోయము గోపురం కూలి చచ్చిన 18 మంది గురించీ అంతే, వాళ్లేమీ మిగతావాళ్ల కంటే పెద్ద పాపులు కారన్నాడు (లూకా 13:4). తన తోటి పనివాడు త్రోఫిము రోగి అయితే పౌలు అతణ్ణి మిలేతు ఊళ్లో వదిలి వెళ్లాడు. శిష్యుడు తిమోతి కడుపునొప్పికి కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. వాళ్లకీ విశ్వాసం చాలలేదా? కష్టాల్లో ఉన్న యోబుని ఓదార్చడానికొచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకుని కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు. నోరు తెరిచి, నీ పాపమే కారణమన్నాకే దేవుడికి కోపమొచ్చింది.

యాకోబు_5:
అలాగైతే స్వస్థత కోసం ప్రార్థించడమే మానేద్దామా? పేతురు అత్తకి జ్వరం తగ్గించిన ప్రభువు ఇప్పుడు మారిపోయాడా? ప్రతిదానికీ "దేవుని చిత్తం" అనేస్తే మోకాళ్లూనేవాడే మిగలడు. అద్భుతం అనగానే మొహం తిప్పుకునే సంఘాలు బోలెడు చూశాను.

బెరయవాడు:
అడగొద్దని నేనెక్కడన్నాను? తన ఒంట్లో ముల్లులా బాధపెట్టేదాన్ని తీసేయమని పౌలు ముమ్మారు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబొచ్చింది. నీ పాపం వల్లే ముల్లు గుచ్చుకుందని మాత్రం ప్రభువు అనలేదు.

నర్సక్క:
మీ వచనాల మధ్యలోకి వస్తున్నా, ఏమనుకోకండి. చిన్నోడా, ముందు పిన్ని డయాలసిస్ ఒక్కటి కూడా తప్పకుండా చూడు. స్వస్థత వచ్చేసిందని ఎవరో చెబితే మానేసి, ఒంటినిండా నీరుపట్టి, ఆయాసంతో అర్ధరాత్రి మా వార్డుకొచ్చిన వాళ్లని చూశాను. డాక్టర్ని అడక్కుండా ఉపవాసం వద్దు. ప్రార్థనయ్యాక నీరసం పోతుందని కొబ్బరినీళ్లు తాగిస్తారే, అది అసలొద్దు. అందులో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు పనిచేయనివాళ్లకి గుండె మీదికొస్తుంది.

మందు వాడితే విశ్వాసం లేనట్టని ఎవరైనా అంటే, 1883లో గుంటూరొచ్చిన లూథరన్ మిషనరీ అన్నా కుగ్లర్ గురించి చెప్పు. ఆవిడ డాక్టరు. 1898లో అక్కడే ఆసుపత్రి తెరిచింది.

యాకోబు_5:
మందులు మానమని నేనూ అనను అక్కా. ఆ మాట చెప్పేవాళ్లది తప్పే. కానీ ఆత్మపరిశీలన చేసుకోమనడం తప్పెలా అవుతుంది?

నర్సక్క:
సూది గుచ్చిన చేతితో నాలుగు గంటలు కదలకుండా పడుకునే మనిషికి పరిశీలించుకోవడం తప్ప వేరే పనేముంది బ్రదర్? కొత్తగా మనం పురమాయించాలా?

ఒంగోలు చిన్నోడు:
థాంక్స్ అక్కా, మొన్న కొబ్బరినీళ్లు ఇచ్చారు, రేపే డాక్టరుకి చెబుతా. ఆ సేవకుడు శుక్రవారం మళ్లీ వస్తానన్నారు. రానివ్వాలా వద్దా అని అమ్మకీ బాబాయికీ గొడవ.

బెరయవాడు:
రానివ్వండి. నూనె రాసి ప్రార్థన చేయమనండి. మళ్లీ పాపాల లెక్క అడిగితే మాత్రం యోహాను 9 తీసి, పిన్నికి వినబడేలా ఆయన చేతే చదివించండి.