రీకండిషన్ చేసిన అంబాసిడర్ ఇంజన్: కంప్రెషన్ చూస్తే చాలా, చాంబర్ దించాల్సిందేనా?

గాజువాక_అంబీ: మన విశాఖ అక్కయ్యపాలెంలో మార్క్ 3 అంబాసిడర్ ఒకటి బేరానికి వచ్చింది. పెట్రోల్, 1489 సీసీ. ఇంజన్ మొత్తం రీకండిషన్ (విప్పి, అరిగిన భాగాలు మార్చడం) చేయించామంటున్నారు గానీ బోరింగ్ (సిలిండర్లు తొలిచి సరిచేయడం) బిల్లు లేదు. వేడి మీద కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి) వరసగా 125, 130, 120, 125 పీఎస్ఐ. చాంబర్ (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దించి చూస్తానంటే అమ్మేవారు ఒప్పుకోవడం లేదు. కంప్రెషన్ ఇంత బాగుంటే ఇంకా విప్పడం దేనికంటున్నారు. ఆయన మాటలో న్యాయం ఉందా?

సీతమ్మధార_స్పానర్: ఉందండీ. బాగా నడుస్తున్న ఇంజన్ని అనుమానంతో విప్పడం మంచిది కాదు. కాకపోతే టెస్ట్ సరిగ్గా చేశారా అన్నది చూసుకోండి. నాలుగు ప్లగ్గులూ తీసేయాలి, కాయిల్ వైరు పీకాలి, బ్యాటరీ నిండా చార్జ్ అయి ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపుంటే పర్వాలేదు. తర్వాత 3వ సిలిండర్లో ఒక చెంచా ఇంజనాయిల్ పోసి మళ్లీ చూడండి. బాగా పెరిగితే లోపం పిస్టన్ రింగులది, పెరగకపోతే వాల్వులది. కొత్త రింగులు బోరుకి సెట్ అయ్యేదాకా 120 రావడం మామూలే. ఇంజన్ గాలి పీల్చే బలాన్ని చూపే వ్యాక్యూమ్ గేజ్ కూడా పెట్టండి. ఐడిల్లో ముల్లు 17 నుంచి 21 అంగుళాల మధ్య కదలకుండా నిలబడాలి. మనది సముద్రమట్టం కాబట్టి ఎత్తు పేరు చెప్పి తగ్గించుకోనక్కర్లేదు. ముల్లు ఒకే లయలో కొట్టుకుంటుంటే ఏదో ఒక వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదన్నమాట.

ఆటోనగర్_లేత్: స్పానర్ గారూ, మీరు చెప్పినవన్నీ ఇంజన్ పై సగానికే. కంప్రెషన్ గేజ్‌కి క్రాంక్ (పిస్టన్లు తిప్పే కింది ఇరుసు) సంగతి ఏం తెలుస్తుంది? రీకండిషన్ పేరుతో ఎక్కువగా జరిగేది పిస్టన్లు, రింగులు మార్చి, హెడ్ గ్రైండింగ్ చేసి, క్రాంక్‌ని పాత బేరింగుల మీదే వదిలేయడం. గేజ్ 130 చూపిస్తుంది, కింద బేరింగ్ అరిగిపోతూనే ఉంటుంది. క్రాంక్ గ్రైండ్ చేసినా అంతకంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. జర్నల్స్‌లోని (క్రాంక్ మీద బేరింగులు కూర్చునే చోట్లలోని) ఆయిల్ రంధ్రాల్లో ఇనుప రజను మిగిలిపోవడం. ఆయిల్ దారుల (గ్యాలరీ) ప్లగ్గులు విప్పి, బ్రష్ పెట్టి, కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టకపోతే ఆ రజను నేరుగా కొత్త బేరింగ్ మీదికే వస్తుంది.

కాబట్టి చాంబర్ దించాలి, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కాన్‌రాడ్‌ది కనీసం ఒక్క క్యాప్ విప్పాలి. బేరింగ్ షెల్ (సగం గొట్టంలాంటి బేరింగ్ ముక్క) వెనకాల సైజు అంగుళంలో వెయ్యో వంతుల్లో కొట్టి ఉంటుంది: 010, 020, 030, 040. ఏమీ లేకుండా ఎస్‌టీడీ (స్టాండర్డ్, అంటే అసలు సైజు) అని ఉండి, మనిషి మాత్రం క్రాంక్ గ్రైండింగ్ అయ్యిందంటే ఆ మాట తప్పు. షెల్ లోపల బూడిద రంగు తెల్ల లోహం ఒకే తీరుగా ఉండాలి. రాగి రంగు తేలిందంటే దాని పని అయిపోయింది. ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పుని బట్టి సందు కొలిచే మెత్తటి తీగ) ముక్క పెట్టి బిగిస్తే గ్యాప్ కూడా తెలిసిపోతుంది.

సీతమ్మధార_స్పానర్: క్రాంక్ విషయంలో మీరన్నది సరైనదే. అయితే చాంబర్ దించితే ముందు, వెనక మెయిన్ (క్రాంక్‌ని బ్లాక్‌లో పట్టి ఉంచే బేరింగ్) క్యాపుల దగ్గరుండే కార్క్ ప్యాకింగులు మళ్లీ పనికిరావు. తిరిగి బిగించడంలో అశ్రద్ధ చేస్తే జీవితాంతం కారుతుంది. దానికంటే ముందు చేయగలిగినవి ఉన్నాయి. ఆయిల్ మన డబ్బుతో మార్పించాలి, 20డబ్ల్యూ50 పోయాలి. ప్రెషర్ కోసం చిక్కటి ఆయిల్ పోసి అమ్మేవాళ్లు ఉంటారు. బాగా వేడెక్కాక రన్నింగులో 50 పీఎస్ఐ దరిదాపుల్లో, ఐడిల్లో 15కి తగ్గకుండా నిలవాలి. పాత ఫిల్టర్ ఎలిమెంట్ పారేయకుండా కాగితం మడతలు కోసి, పరిచి, అయస్కాంతం తిప్పండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా మెరిసే రేకులుంటే బేరింగ్ లోహం. క్లచ్ తొక్కినప్పుడు క్రాంక్ పుల్లీ కంటికి కనబడేంత ముందుకి జరిగితే మధ్య మెయిన్ దగ్గర, క్రాంక్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు పోయినట్టే.

భీమిలి_బోర్‌స్కోప్: అసలు అది ఏ ఇంజనో ముందు తేల్చుకోండి. బీఎంసీ 1489 అయితే కార్బురేటర్, సైలెన్సర్ మ్యానిఫోల్డ్ ఒకే వైపు ఉంటాయి, ప్లగ్గులు అవతలి వైపు. ట్యాపెట్ కవర్ కింద రాకర్లు, పక్కన పుష్‌రాడ్లు. కవర్ విప్పగానే క్యామ్‌షాఫ్ట్ (వాల్వులని తెరిచే ఇరుసు) కనబడితే అది తర్వాతి రోజుల 1800 ఇసుజు. బ్లాక్ మీద నెంబరు ఆర్సీలో నెంబరుతో కలవాలి. ఇంజన్ మార్చి ఉంటే మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం అది రిజిస్ట్రేషన్‌లో ఎక్కాలి. ఎక్కకపోతే బండి పేరు మార్పు దగ్గరే ఆగిపోవచ్చు.

ఇక ప్లగ్ రంధ్రంలోంచి చిన్న కెమెరా దించండి. బోరు గోడ మీద హోనింగ్ (రాయితో రుద్ది నునుపు చేయడం) అడ్డగీతలు కనబడాలి. కార్బన్ పట్టకపోతే పిస్టన్ తల మీద ఓవర్‌సైజ్ అంకె కూడా దొరుకుతుంది. అసలు బోరు 73.025 మిల్లీమీటర్లు. 040 ఉంటే 74.04కి వచ్చిందని అర్థం, ఇంకోసారి బోరింగ్‌కి చోటు పెద్దగా లేదు. బ్లాక్ పక్కన కోర్ ప్లగ్గుల (నీటి దారుల రంధ్రాలు మూసే రేకు బిళ్లల) మీద కొత్త పెయింటు, కింద తుప్పు పొరలు ఉంటే నీటి దారులు శుభ్రం చేయలేదు. మన ఉప్పు గాలికి ఇది త్వరగానే బయటపడుతుంది.

ఆటోనగర్_లేత్: ఫిల్టర్ కోసి చూడమన్నది మంచి మాట, ఒప్పుకుంటాను. ఇంకొకటి. గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్ కింద చుక్క ఆయిల్ చూసి భయపడకండి. ఈ ఇంజన్‌కి వెనక రబ్బరు సీల్ లేదు, క్రాంక్ మీది మెలిక గాడి ఆయిల్‌ని వెనక్కి తోస్తుంది. ఆయిల్ మూత తీస్తే పొగ పొంగుతూ, వెనక ధారగా కారుతుంటేనే బ్యాక్ కంప్రెషన్, అంటే రింగులు దాటి గ్యాసు కిందికి దిగుతోందన్నమాట. సింహాచలం ఘాట్ ఎక్కించండి. లోడు మీద లోతైన గుడగుడ మెయిన్లది. తేలిక లోడులో టకటక కాన్‌రాడ్‌ది. ఒక్కో ప్లగ్ వైరు పీకి చూస్తే ఏ సిలిండర్ దగ్గర చప్పుడు తగ్గిందో దానిదే తప్పు. ఇవన్నీ దాటినా క్యాప్ విప్పనివ్వకపోతే ఆ ఇంజన్‌కి రీకండిషన్ ధర ఇవ్వకండి. మామూలు పాత ఇంజన్ ధరే కట్టండి.

గాజువాక_అంబీ: సరేనండీ. ముందు చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, ఆయిల్, ఫిల్టర్ నేనే మారుస్తానని అడుగుతాను. క్యాప్ విప్పడానికి ఒప్పుకుంటే వెంట ఏం తీసుకెళ్లాలి?

ఆటోనగర్_లేత్: చాంబర్ ప్యాకింగ్ సెట్టు, టార్క్ రెంచి, కాన్‌రాడ్ బోల్టులకి కొత్త లాక్ వాషర్లు. పాతవి మళ్లీ మడిస్తే విరుగుతాయి. క్యాప్ తీసేముందే రాడ్ మీద, క్యాప్ మీద ఒకే వైపు గుర్తు పెట్టండి. తిరగేసి బిగిస్తే మంచి బేరింగే పాడవుతుంది.