వన్ పీస్: డ్రెస్‌రోసా ఎపిసోడ్లు ఎందుకంత నెమ్మదిగా సాగుతాయి?

ప్రశ్న: ఐచిరో ఓడా 1997లో మొదలుపెట్టిన సముద్రదొంగల మాంగా (జపాన్ బొమ్మల కథ) వన్ పీస్‌ను అనిమేగా, అంటే యానిమేషన్ సీరియల్‌గా చూస్తున్నాను. తొలి భాగాలు చకచకా సాగాయి గానీ, డ్రెస్‌రోసా అనే భాగంలో ప్రతినాయకుడు డోఫ్లమింగో పన్నిన పంజరం కుంచించుకుపోతుండగా ఒక్కొక్కరి ముఖాన్నీ విడివిడిగా చూపుతూ కాలం గడిపేస్తున్నారు. కారణమేమిటి? దీని వీడియో ఆటల్లోనైనా కథ బిగువుగా ఉంటుందా?

సమాధానం: అనిమే తీసే టోయ్ సంస్థ 1999 నుంచి దీన్ని వారం వారం ప్రసారం చేస్తూ వచ్చింది. ఓడా సెలవు తీసుకుంటే మాంగా వచ్చే పత్రికలో అధ్యాయం రాదు, టీవీలో మాత్రం ఎపిసోడ్ రావలసిందే. నరుటో అనే మరో అనిమేలో మూల మాంగాలో లేని కథలను దండిగా చేర్చి ఈ చిక్కును దాటారు. ఇక్కడ ఉన్న కథనే సాగదీశారు కాబట్టి 102 అధ్యాయాల డ్రెస్‌రోసా 118 ఎపిసోడ్లయింది. నా మటుకు నాకు ఈ సాగదీతే ఎక్కువ విసుగు, ఎందుకంటే చేర్చిన కథనైతే దాటేయవచ్చు.

మరొక సమాధానం: ఆటల సంగతి వేరండీ. 2020 నాటి పైరేట్ వారియర్స్ 4 వెలువడే నాటికి మాంగాలో వానో అనే భాగం ముగియలేదు కనుక, తయారీదారులు తమ సొంత ముగింపు పెట్టుకున్నారు. 2023లో వచ్చిన ఒడిస్సీ అనే ఆట కొత్త ద్వీపంలో మొదలై, జ్ఞాపకాల లోకం పేరిట అలబస్తా, డ్రెస్‌రోసా వంటి పాత భాగాలను మళ్లీ చూపిస్తుంది. కథ ముందే తెలిసినవారికే అందులో రుచి.

ఇంకొకరు: 2026 నుంచి ఏడాదికి 26 ఎపిసోడ్లకు మించకుండా ప్రసారం చేస్తామని అనిమే బృందం ప్రకటించింది. మొదటినుంచీ కొత్తగా తీసే రూపాన్ని విట్ స్టూడియో చేపట్టింది. అంతవరకు డ్రెస్‌రోసాను మాంగాలోనే చదవండి.