అప్‌డేట్: కంటేజియన్ స్పెల్ గొడవ తేలింది

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. కొత్తగా చదివేవాళ్ల కోసం: డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రలు పోషించే పాచికల ఆట ఐదో ఎడిషన్‌లో మా డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాలు వేసే పాత్ర ఆడేవాడు) శత్రువు మీద కంటేజియన్ అనే రోగం అంటించే స్పెల్ (మంత్రం) వేసి, అందులోని రోగాల్లో స్లైమీ డూమ్ ఎంచుకున్నాడు. రోగం వెంటనే పట్టుకుంటుందని అతను, పట్టుకోదని డీఎం (ఆట నడిపేవాడు). ఇద్దరి చేతుల్లోనూ 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్కే (ఆట రూల్స్ పుస్తకం), కానీ వాక్యాలు వేరు. ఏది చెల్లుతుందని అడిగాను.

మీరు చెప్పినట్టే డీఎం పుస్తకం తర్వాతి ముద్రణ. 2018 సవరణల్లో ఈ స్పెల్‌ని తిరగరాశారు. వాటి ప్రకారం దెబ్బ తగిలితే శత్రువుకి ముందు పాయిజన్డ్ (విషం సోకిన) స్థితే. తన ప్రతి టర్న్ చివర కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి గట్టిదనంతో తట్టుకోగలడో లేదో తేల్చే పాచిక) వేయాలి. మూడు ఫెయిలైతేనే రోగం, మూడు గెలిస్తే స్పెల్ అయిపోయినట్టే.

పాత వాక్యాల్ని డ్రూయిడ్ చదివినట్టు చదివితే దెబ్బ తగలగానే రోగం. స్లైమీ డూమ్ పట్టినవాడు గాయపడ్డ ప్రతిసారీ తన తర్వాతి టర్న్ చివరిదాకా స్టన్ (ఏమీ చేయలేని స్థితి)! పైగా ఆ సేవ్‌లకే డిసడ్వాంటేజ్ (రెండు పాచికలేసి తక్కువది తీసుకోవడం). ఎంత పెద్ద డ్రాగన్ అయినా కదల్లేక చచ్చేది. సవరణ న్యాయమే అనిపించింది నాకు.

డ్రూయిడ్‌కి మాత్రం బాధే, లెవెల్ 9 దాకా ఆ స్పెల్ కోసమే ఎదురుచూశాడు పాపం. అందుకే డీఎం అతన్ని వేరే స్పెల్ మార్చుకోనిచ్చాడు, అయిపోయిన ఫైట్ జోలికి వెళ్లలేదు. ఇకపై రూల్స్ గురించిన ట్వీట్ల స్క్రీన్‌షాట్లు కాకుండా సవరణల పీడీఎఫ్, సేజ్ అడ్వైస్ కంపెండియం (రూల్స్ ప్రశ్నలకి అధికారిక జవాబుల సంకలనం) మాత్రమే చూడాలని అందరం ఒప్పుకున్నాం.