రక్తదాన శిబిరాలు నడిపిన అనుభవం టీమ్ లీడ్ పదవికి పనికొస్తుందా?

ప్రశ్న: గోదారిగట్టు

నమస్కారం. నేను హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. త్వరలో టీమ్ లీడ్ పదవికి ఇంటర్వ్యూ ఉంది. ఆఫీసులో ఇప్పటివరకు నా కింద ఎవరూ పనిచేయలేదు. అయితే తలసేమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న పిల్లల కోసం రక్తదాన శిబిరాలు ఏర్పాటు చేసే బృందంలో కొన్నేళ్లుగా ఉన్నాను, తీరిక దొరికినప్పుడు తెలుగు వికీపీడియాలో వ్యాసాలు రాస్తుంటాను. వీటిని నాయకత్వ అనుభవంగా చెప్పుకోవచ్చా, లేక రెజ్యూమె చివర అభిరుచుల వరుసలో చేర్చి ఊరుకోవడం మేలా? మా మేనేజరు గారు ‘సేవ వేరు, ఆఫీసు వేరు’ అంటున్నారు. రెండు వైపులా అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: చెరువుకట్ట

మీ మేనేజరు గారి మాటలో సగం నిజం ఉందండీ. దాతలకు పండ్లరసం, బిస్కెట్లు అందించినంత మాత్రాన ఎవరూ నాయకులైపోరు. శిబిరం ఎప్పుడు పెట్టాలి, ఎంతమందిని పిలవాలి, ఎవరిని ఆగమనాలి అన్న నిర్ణయాల్లో మీకు పాలు ఉన్నదా అన్నదే చూసుకోవలసింది.

తీవ్రమైన తలసేమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఆ అవసరానికి సెలవులు ఉండవు, దాతలకు మాత్రం ఉంటాయి. పరీక్షలు, ఆ వెనకే వేసవి వచ్చి కాలేజీలు మూతపడగానే రక్తనిధుల్లో నిల్వలు తగ్గిపోతాయి. ఒకసారి రక్తమిచ్చిన పురుషులు 90 రోజుల దాకా, స్త్రీలు 120 రోజుల దాకా మళ్లీ ఇవ్వకూడదు. ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు నిల్వ ఉంటాయి గానీ ప్లేట్‌లెట్లు మామూలుగా 5 రోజులకు మించి ఆగవు. అందువల్ల ఏ పుట్టినరోజు వేడుకకో ఒకే పూట వందలమందిని పోగుచేసి ఫొటోలు దిగడం తేలిక. అదే జనాన్ని నాలుగైదు నెలల మీద సర్దడం, ఉత్సాహంగా ముందుకొచ్చిన దాతకు ‘ఈసారి వద్దండీ, మే నెలలో మీ అవసరం ఉంటుంది’ అని నచ్చజెప్పి, మే నెలలో ఆయన నిజంగా వచ్చేలా చూడడం కష్టం. ఈ మాట విన్న దాతల్లో కొందరు అలుగుతారు కూడా. ప్రాజెక్టు ప్రణాళిక అని మనం ఆఫీసుల్లో చెప్పుకునే దానికీ దీనికీ పెద్ద తేడా ఏముంది?

ఇంకొకటి. హిమోగ్లోబిన్ 12.5 గ్రాముల కంటే తక్కువ ఉందని డాక్టరు గారు తిప్పిపంపిన అమ్మాయి చిన్నబోయి బయటికి వెళ్లిపోతుంటే, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఒక కుర్చీ చూపించి ‘దరఖాస్తులు నింపడానికి మనిషి కావాలమ్మా, కూర్చుంటావా’ అని అడిగే కార్యకర్తలు ఉంటారు. అలా కూర్చున్నవాళ్లే తరవాతి శిబిరానికి స్నేహితులను వెంటబెట్టుకొస్తారు. జీతం, అప్రైజల్, ప్రమోషన్ ఏవీ చేతిలో లేకుండా మనుషులను నిలుపుకోగలిగినవారికి, అవన్నీ చేతికొచ్చాక పని మరింత కష్టమవుతుందని నేను అనుకోను.

జవాబు: బల్లకు_అవతల

నేను ఇంటర్వ్యూలు చేసేవారి వైపు నుంచి చెబుతాను. కాలేజీ విద్యార్థులతో సేవ చేయించే జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) 1969లో మొదలైంది. రెండేళ్లలో 240 గంటలు పనిచేసి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి వెళ్లివస్తే ధ్రువపత్రం ఇస్తారు. ఆ పత్రం హాజరైనట్టు చెబుతుందే తప్ప, అక్కడ ఆ మనిషి ఏ నిర్ణయం తీసుకున్నారో చెప్పదు. అందుకే దాన్ని పక్కన పెట్టి, ‘వస్తానని మాటిచ్చినవారు ఆ ఉదయం రాకపోతే ఏం చేశారు’ అని అడుగుతాను. నిజంగా బాధ్యత మోసినవారు మరుక్షణంలో వివరాల్లోకి వెళ్లిపోతారు, మిగతావారు ‘అందరం కలిసికట్టుగా పనిచేశాం’ అంటారు.

చెరువుకట్ట గారితో ఒక చోట విభేదిస్తాను. స్వచ్ఛంద సేవలో ఎవరినీ తప్పించాల్సిన అవసరం అరుదుగా వస్తుంది, సరిగ్గా చేయనివారి పనిని మనమే నెత్తిన వేసుకుని ముగిస్తాం. ఆ అలవాటుతో టీమ్ లీడ్ అయినవారు తక్కువ రేటింగు ఇవ్వవలసి వచ్చినప్పుడు మొహమాటపడి, చివరికి రాత్రిళ్లు తామే కూర్చుని కోడ్ రాస్తుంటారు. గోదారిగట్టు గారూ, ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వచ్చే అవకాశం ఉంది, సిద్ధపడి వెళ్లండి.

జవాబు: రచ్చబండ_పాతకాపు

అందరూ రక్తదానం గురించే రాశారు గానీ, నా దృష్టిలో మీ వికీపీడియా పని టీమ్ లీడ్ పదవికి ఇంకా దగ్గరిది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఒకరి మీద ఒకరికి పెత్తనం లేదు. ఒక వ్యాసంలో ఏ మాట ఉండాలో తేల్చే ప్రత్యేకాధికారం నిర్వాహకులకు కూడా ఉండదు. వారైనా చర్చా పేజీలో మూలాలు చూపించి ఒప్పించవలసిందే. గంటసేపు కూర్చుని రాసిన పేరాను ముక్కూమొహం తెలియని సభ్యులెవరో ఒక్క నొక్కుతో రద్దుచేస్తే, కోపం దిగమింగుకుని ‘కారణం తెలుపగలరు’ అని రాయడం చిన్న విషయం కాదు. పైగా మీరు విసురుగా అన్న మాట కూడా పేజీ చరితంలో ఉండిపోతుంది, ఎవరైనా తీసి చూపించవచ్చు. ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు పరిశీలించే కోడ్ రివ్యూల్లో గొడవలు ఎక్కడ పుడతాయో చూసినవారికి ఈ అభ్యాసం విలువ తెలుస్తుంది. నాలుగు చర్చల్లో రెండింటిలోనైనా మీ వాదన వీగిపోయి ఉంటుంది కదా, ఆ తరవాత కూడా అదే వ్యాసం మీద పనిచేశారా అన్నది నేనైతే అడుగుతాను.

గోదారిగట్టు

అందరికీ ధన్యవాదాలు. వేసవి శిబిరాల తేదీలు సర్దే పని రెండేళ్లుగా నాదే. దాన్ని చెప్పుకోదగ్గ విషయంగా ఇప్పటిదాకా అనుకోలేదు. దీన్ని రెజ్యూమెలో ఎక్కడ పెట్టమంటారు?

బల్లకు_అవతల

అనుభవం అన్న విభాగంలోనే, ఉద్యోగాల కింద పెట్టండి. ఏ సంవత్సరం నుంచి, ఏ బాధ్యత, మీరు తీసుకున్న నిర్ణయం ఏమిటి అన్నవి రెండు వరుసల్లో సరిపోతాయి. బృందం మొత్తం సేకరించిన యూనిట్ల లెక్కను మీ ఖాతాలో వేసుకోకండి, తరవాతి ప్రశ్న దాని మీదే వస్తుంది. దాతల పేర్లు గానీ పిల్లల ఆరోగ్య వివరాలు గానీ ఎవరు అడిగినా చెప్పవద్దు.